ఒంటికంది తాలుపోయిన ఏడాది

పూత 4వ రోజు

ఈ పుస్తకంలో నా చేతిరాత పడడం ఇదే మొదలు. పదకొండేళ్లుగా మొగ్గలు కోయడం నా పని, మైక్రోస్కోపులో చూసి లెక్క రాయడం బూడి మహలక్ష్ములు మేస్టారి పని. కిందటి కోతలు అయ్యాక ఆయన కుర్చీ దిగి, "ఇక నువ్వే సూడు, సన్యాసమ్మా" అన్నారు.

ఈ రోజు పొగమంచుని నీళ్లుగా పట్టే మంచువలలు పిండే వంతు నాది. రెండు కావిళ్ల నీళ్లు మోసి, ఎండ మైక్రోస్కోపు అద్దం మీదికి వచ్చే వేళకి బల్ల దగ్గర కూర్చున్నాను. కరెంటు పలకలు చచ్చిపోయాక మాకు ఎండే దీపం. సారాలో గట్టిపడిన మొగ్గలని మైనంలో పొదిగి, బ్లేడుతో పల్చటి పొరలుగా కోసి, ఎర్ర రంగు పట్టించి గాజుపలక మీద పెట్టాను. కంది మొగ్గ కడుపులో నాలుగైదు అండాలు వరసగా వేలాడుతూ ఉంటాయి. ఒక్కో అండం నడుమ చిన్న సంచి, ఆ సంచిలో ఒక మూల బీజకణం. మా ఒంటికందిలో ఆ కణం ఎవరి కోసమూ ఆగదు. పుప్పొడి పడకుండానే తనంతట తను రెండుగా, నాలుగుగా చీలి పిండమవుతుంది. తేనెటీగలు పోయిన కాలంలో మా ముత్తాతలు దాన్ని అలా తయారు చేశారు. అందుకే ఈ కొండ మీద ఉన్న ప్రతి కంది మొక్కా ఒకే తల్లి అచ్చు.

యాభై అండాలు చూశాను. నలభై మూడింట్లో పిండం కనిపించింది. ఏడింట్లో బీజకణం నల్లగా ముడుచుకుపోయి ఉంది. మేస్టారి పాత లెక్కల్లో ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. నా చెయ్యి వణికి బ్లేడు అడ్డంగా దిగి ఉంటుందనుకున్నాను. గాదెల పెద్ద గౌరునాయుడికి చీటీ పంపాను: "గింజ బాగా కడుతోంది."

గౌరునాయుడు మా అక్క మొగుడు. ఆ చీటీ అందితే తప్ప నిలవ గాదె తలుపు తియ్యడు.

పూత 6వ రోజు

నిలవ గాదె తీశారు. రెండు నెలలుగా చోడి అంబలి తాగిన జనం ఇవాళ పప్పు వండుకున్నారు. వీధంతా పోపు వాసన. మా అక్క గిన్నెడు పంపింది. తిన్నాను.

తిని వచ్చి మళ్లీ కోశాను. ఈసారి బ్లేడు సానపెట్టి, మైనం చల్లారేదాకా ఆగి, చెయ్యి బల్లకి ఆనించి కోశాను. అరవై అండాల్లో పంతొమ్మిది ముడుచుకుపోయాయి. పొర చిరగలేదు. సంచి అంచులు శుభ్రంగా ఉన్నాయి. తప్పు బ్లేడుది కాదు.

ఎవరికీ చెప్పలేదు. రేపు ఇంకోసారి చూద్దామనుకున్నాను.

పూత 9వ రోజు

రేపు రేపు అంటూ మూడు రోజులు గడిపాను. మొగ్గలు తెచ్చే నూకాలుని గాలిమెట్ట నించి కాయలు కూడా తెమ్మన్నాను. ఊళ్లో మడుల కంటే మూడు వారాల ముందే అక్కడ పూత వస్తుంది.

నన్ను అక్క వరసలో 'అప్పా' అనే నూకాలు బుట్ట దించి, "కాయలు బాగా ఊరినాయప్పా. సూడు, ఎంతలేసి ఉన్నాయో" అంది.

నిజంగానే కాయలు నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒకటి తీసుకుని గోరుతో చీల్చాను. లోపల గింజలుండాల్సిన చోట నాలుగు పల్చటి తొక్కలు. వేళ్ల మధ్య నలిపితే తడి కూడా లేదు. ఇంకోటి చీల్చాను. మూడోది చీల్చాను. నాలుగో దాంట్లో ఒక్క గింజ దొరికింది.

పప్పు అని మనం తినేది ఆ పిండాన్నే. పిండం రెండు బద్దలే పప్పు. పిండం లేకపోతే కాయ ఊరుతుంది, తొక్క పెరుగుతుంది, లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. దూరం నించి చూసే మనిషికి ఈ ఏడు పంట విరగకాసినట్టే ఉంటుంది.

"తాలుకాయలా?" అంది నూకాలు.

"కొన్ని," అన్నాను.

తను వెళ్లాక ఊరి మడుల మొగ్గలు కోసి చూశాను. అరవైలో ముప్పై ఒకటి ముడుచుకుపోయాయి. కింద వీధిలో రోలు చప్పుడు వినిపిస్తోంది, ఎవరో పచ్చడి నూరుకుంటున్నారు. వెయ్యిన్నూట నలభై మంది నా చీటీ నమ్మి తింటున్నారు. గాజుపలక నా పట్టు తప్పి పగిలింది.

పూత 10వ రోజు

పాత పుస్తకాలు పట్టుకుని మేస్టారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. సంగతి చెప్పి, కిందటేళ్ల లెక్కలు చదవనా అని అడిగాను. తాడు పక్కన పెట్టారు.

"సదువు," అన్నారు.

కిందటేడు: ఒకటి, సున్న, రెండు, ఒకటి, ఒకటి, సున్న. అంతకు ముందేడు చదవబోయి ఆగిపోయాను. ఒకటి, సున్న, రెండు, ఒకటి, ఒకటి, సున్న. ఆ ముందేడూ అదే వరస. నాలుగేళ్లు వెనక్కి తిప్పాను. నాలుగేళ్లూ అవే అంకెలు.

"మేస్టారూ, ఇవి..."

"నా కళ్లు పోయి నాలుగేళ్లయినాదమ్మా," అన్నారు ఆయన. "ముందు మసక. ఆ తరవాత ఎర్ర మరక తప్ప ఏటీ కనపడీది కాదు. సెప్పీడానికి సిగ్గేసినాది. కుర్చీ పోతాదని బయమేసినాది. నువ్వు బాగా కోస్తావు కదా, పంట ఎప్పుడూ పండుతాది కదా, ఏటవుతాదిలే అనుకున్నాను."

ఆయన రాసిన లెక్క ప్రకారం గాదెలకి రావలసిన గింజ వేరు, వచ్చిన గింజ వేరు. ఏడాదికేడాది తగ్గింది. ఆ తేడా ఎలా వచ్చిందని సభలో అడిగితే, గాదె కాపలా దాలినాయుడు దొంగిలించాడన్నారు. కిందటి కోతల తరవాత అతన్ని దిగువకి పంపేశారు. దిగువంటే సముద్రం మింగిన ఊళ్ల బురద, ఉప్పు. అక్కణ్నించి ఎవరూ తిరిగి రాలేదు.

దాలినాయుడు నూకాలు మొగుడు.

"తెలుసా మీకు, అప్పుడు?" అని అడిగాను.

"సబలో కూకున్నాను," అన్నారు మేస్టారు. "నా నెక్క తప్పని ఒక్క మాట అనుంటే ఆడు ఉండీవోడు. నోరు లెగలేదు."

పూత 11వ రోజు

పొద్దున్నే గౌరునాయుడు దగ్గరికి వెళ్లాను. గాదె ముందు తూకం రాళ్లు సర్దుతున్నాడు. కాయలు ఆయన ముందే చీల్చి చూపించాను. చీల్చిన కొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

"ఎన్నాల్లకి సరిపోతాది మనకున్నది?"

"అది నీకే తెలియాలి, బావా."

వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. "ఇలాగే తింటే డెబ్బై రోజులు. ఆ తరవాత ఇత్తనాల గాదొకటే." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు సెప్తే ఏటవుతాదో తెలుసా? ఇత్తనాల మీద పడతారు. రెండ్రోజులు ఆగు. నాను ఆలోసిస్తాను."

"దాలినాయుడి సంగతో?"

ఆయన రాయి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కొండ దిగే దారికున్న దిగువ తలుపు తియ్యమని ఆ రోజు చెప్పింది ఆయనే.

"అది ఇప్పుడెందుకు," అన్నాడు.

ఆయన దొంగ కాడు, క్రూరుడూ కాడు. నాలాగే భయపడ్డాడు. నేను అయిదు రోజులు దాచాను, ఆయన రెండు రోజులు అడిగాడు. మేస్టారు నాలుగేళ్లు దాచారు. ఇది ఎలా పెరుగుతుందో నాకు అర్థమైంది.

అక్కణ్నించి నేరుగా నూకాలింటికి వెళ్లాను. తను గోడకి పేడ అలుకుతోంది. అంతా చెప్పాను, ఏదీ తగ్గించలేదు. నేను చెప్పడం అయ్యేదాకా తను అలుకుతూనే ఉంది. తరవాత చేతులు కడుక్కుంది.

"అంటే, మా ఆయన తియ్యనేదు."

"తియ్యలేదు."

"నాకు తెలుసు," అంది. "కానీ అప్పా, ఒక్కోపాలి నాకే అనుమానమొచ్చీది. పిల్లలు లేని ఇంట్లో ఎవుళికోసం తీసినాడోనని కోపం కూడా వచ్చీది." అలా అన్నాక అక్కడే నేల మీద కూలబడింది.

పూత 12వ రోజు

మధ్యాహ్నం గంట నేనే కొట్టాను. జనం పోగయ్యారు. బల్ల మీద రెండు బుట్టల కాయలు పెట్టి, ఎవరికి వాళ్లని వచ్చి చీల్చి చూసుకోమన్నాను. మొదట నవ్వుతూ వచ్చారు. తరవాత ఎవరూ నవ్వలేదు. కాయలు చిట్లే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

నా మొదటి చీటీ తప్పని చెప్పాను. ఏడు అండాలు పాడై కనపడితే బ్లేడు తప్పనుకున్నానని, ఆ తరవాత తెలిసీ భయపడి దాచానని చెప్పాను. మేస్టారు కర్ర పట్టుకుని లేచి తన సంగతి తనే చెప్పారు.

వెనక నించి ఎవరో అరిచారు: "ఇద్దర్నీ దిగువకి పంపండి."

చాలామంది గొంతు కలిపారు. బల్ల పట్టుకున్నాను. గౌరునాయుడు మాట్లాడతాడేమోనని చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

నూకాలు ముందుకొచ్చింది. తనెప్పుడూ సభలో మాట్లాడలేదు. గొంతు పెద్దది కాదు కాబట్టి జనమే తగ్గారు.

"ఈల్లని పంపితే గింజ కడతాదా?" అంది. "మా ఆయన్ని పంపినారు. పంట పెరిగినాదా? మైక్రోస్కోపు సూడ్డం ఈవిడికి తప్ప ఇక్కడ ఎవుళికొచ్చు? ముసిలాయన్ని నాను సెమించను. సెమించమని నన్నెవులూ అడక్కండి. కానీ దిగువ తలుపు తియ్యాల్సింది నా కోసం. నా మనిసిని ఎతకడానికి ఎల్తాను."

ఎవరూ కాదనలేకపోయారు. గౌరునాయుడు దిగువ తలుపు తాళం తీసి, దాన్ని నిలవ గాదెకి వేశాడు. తలుపు తన చేత్తోనే తెరిచాడు. పది రోజుల చోడిపిండి, నీళ్లకుండ ఇచ్చి, నూకాలుకి ఏదో చెప్పబోయాడు. తను ఆగలేదు.

పూత 14వ రోజు

రేషను సగం చేశారు. మా ఇంటి గోడ మీద ఎవరో పేడ కొట్టారు. కడిగాను.

మేస్టారు తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, "ముడుసుకుపోనాదన్నావు. ముడుసుకోక ముందు ఎలాగున్నాది?" అని అడిగారు.

నేనది చూడలేదు. విచ్చబోయే మొగ్గల్లో చచ్చిన కణాలనే లెక్కపెట్టాను గానీ, అవి చావకముందు ఏం చేస్తున్నాయో చూడలేదు. ఇంకా లేత మొగ్గలు తెచ్చి కోశాను. ఎండ దిగేలోపు నలభై అండాలు చూశాను.

సగానికి సగంలో బీజకణం చీలలేదు. చచ్చిపోనూ లేదు. నిండుగా, గుండ్రంగా, మధ్యలో ఎర్రటి చుక్కతో సంచి మూల కూర్చుని ఉంది. పక్కన తోడు కణాలు రెండూ, నడుమ జంట కేంద్రకాలూ, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. దేనికోసమో ఆగినట్టుంది.

చూసింది చూసినట్టు మేస్టారికి చెప్పాను.

"అది పాత కందమ్మా," అన్నారు. "మన ముత్తాతలు మార్సినదాన్ని మరిసిపోతన్నాది. పుప్పొడి కోసం ఆగుతాది. రాకపోతే సచ్చిపోతాది."

"మన కందికి పుప్పొడి లేదు కదా?"

"ఉన్నాది. దాని సంచులు పగలకుండా సేసినారు, అంతే. లోపల బతికున్నాదో నేదో ఎవులు సూసినారు?"

సూదితో ఒక పుప్పొడి సంచి చీల్చి, రంగు పట్టించి చూశాను. చాలా వరకు పాలిపోయి నొక్కులు పడ్డ ఊకలా ఉంది. అక్కడక్కడ మాత్రం గుండ్రంగా, ఎర్రగా, నిండుగా కొన్ని రేణువులు. మొత్తంలో పదోవంతు ఉంటాయేమో.

పూత 20వ రోజు

అయిదు రోజుల కిందట ముప్పై మొగ్గలకి నేనే తుమ్మముల్లుతో పుప్పొడి సంచులు చీల్చి, ఆ పొడిని కీలాగ్రం మీద రాసి, దారాలు కట్టాను. ఈ రోజు వాటిని కోశాను.

పదమూడు మొగ్గలు రాలిపోయాయి. మిగతావాటిలో అరవై అండాలు చూడగలిగాను. ఒక దాంట్లో సన్నటి దారంలా పుప్పొడి గొట్టం అండం నోట్లోకి దిగి ఉంది. దాని పైన బీజకణం రెండుగా చీలింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. నిజంగానే రెండు.

అరవైలో పదకొండు అలా చీలాయి.

గౌరునాయుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఎన్ని?"

"పదకొండు."

"ఇరవై అని సెప్పకూడదా? జనం సేతులు ఆడాలి గదా."

"పదకొండే చెప్తాను, బావా. పదకొండుకి ఆడే చేతులే ఆడతాయి."

ఆయన ముళ్లు ఏరడానికి తుమ్మల వైపు వెళ్లాడు.

పూత 23వ రోజు

నడవగలిగిన వాళ్లంతా మడుల్లో ఉన్నారు. ఒక్కో పువ్వుకి ఒక్కో మనిషి. మేస్టారికి కళ్లు అక్కర్లేదు. బొటనవేలితో తడిమి ఏ మొగ్గ రేపు విచ్చుకుంటుందో చెప్తున్నారు. ఆయన పక్కన కూర్చోవడానికి మొదట ఎవరూ ఒప్పుకోలేదు. ఇవాళ ఇద్దరు కూర్చున్నారు.

నా ఒళ్లు తేలిపోతోంది. అంబలి పల్చగా ఉంది. పూత ఇంకో మూడు వారాలుంటుందని లెక్క. వెయ్యి మంది ఎన్ని పూలు ముట్టగలరో వేసి చూశాను. ఆ లెక్క ఎవరికీ చూపించలేదు కానీ, దాచడం లేదని ఈ పుస్తకంలో రాస్తున్నాను: అందరికీ సరిపోదు.

పూత 25వ రోజు

నూకాలు తిరిగొచ్చింది. ఒంటరిగా. పెదాలు ఉప్పుకి పగిలిపోయాయి. నీళ్లు తాగించి కూర్చోబెట్టాను.

"కనపడనేదు," అంది. "మూడు రాల్ల పొయ్యి ఒకటి కనపడినాది. ఆయనే పెట్టినాడు, రాయి పేర్సిన తీరు నాకు తెలుసు. అక్కణ్నించి ఒక పూట నడిస్తే ఇంకోటి. ఆ తరవాత ఇంకోటి. పద్నాలుగు పొయ్యిలు నెక్కెట్టాను అప్పా. ఆపైన నీల్లు."

తన చెయ్యి పట్టుకున్నాను.

"పద్నాలుగు పూటలు వొండుకున్నాడు," అంది. మడుల్లో జనం తుమ్మముళ్లతో పూలు చీల్చడం చూసి, "నా ముల్లేదీ?" అని అడిగింది.

కోత అయిన రోజు

ఎనిమిది బుట్టల గింజ వచ్చింది. మామూలుగా అయితే మూడు వందలు రావాలి. సభ పెట్టాం. ఒక్క గింజ కూడా తినకుండా అంతా విత్తుదామని చేతులెత్తారు. పాత విత్తనాల గాదె తెరిచి అది తింటున్నాం. అడవి దుంపలు, చింతచిగురు దొరికినంత. ఇప్పటికి నలభై ఇద్దరు పోయారు. వాళ్ల పేర్లు వెనక పేజీల్లో రాశాను. మహలక్ష్ములు మేస్టారు ముప్పై తొమ్మిదోవారు. తన గిన్నె పక్కింటి పిల్లలకి జరిపేసేవారని తరవాత తెలిసింది. ఆయన పాడె మోయడానికి నలుగురు దొరికారు. నూకాలు రాలేదు. రమ్మని ఎవరూ అడగలేదు.

మొలక 9వ రోజు

పొద్దున్నే గౌరునాయుడు పరుగున వచ్చాడు. "మడికి రా. ఏటో అయిపోనాది. తెగులేమో."

జనం గట్ల మీద నిలబడి ఉన్నారు. ఎవరూ మడిలోకి దిగడం లేదు. నేను దిగాను.

కంది మొలిచింది. కానీ నా జన్మలో అలాంటి మడి చూడలేదు. ఒక మొలక జానెడుంది, పక్కది బెత్తెడే. ఒకదాని కాడ ఎర్రగా ఉంది, ఇంకోదానిది పచ్చగా. కొన్నిటి ఆకులు కోలగా, కొన్నిటివి వెడల్పుగా, మధ్యలో రెండు మూడు తెల్లగా పాలిపోయి అప్పుడే తలలు వాల్చేశాయి. మాకు తెలిసిన మడిలో ప్రతి మొక్కా పక్క మొక్కే. ఇక్కడ ఏ రెండూ ఒకలా లేవు.

నాకూ భయం వేసింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోదాన్నీ ముట్టుకుని చూశాను. మచ్చలు లేవు, పురుగు లేదు. వేళ్లు తెల్లగా ఉన్నాయి. తెగులు కాదు. పుప్పొడి కలిసి పుట్టిన పిల్లలు ఇలాగే ఉంటారని మేస్టారు ఒకప్పుడు పాత పుస్తకంలోంచి చదివి వినిపించారు. చదవడం వేరు, ఎదురుగా నిలబడడం వేరు.

నూకాలు గట్టు దిగి నా పక్కన కూర్చుంది. "ఈటిలో మనదేదప్పా?"

"తెలీదు."

"ఏది కాస్తాదో?"

"అదీ తెలీదు."

గట్టు మీంచి గౌరునాయుడు అడిగాడు: "మరి ఏవి పీకీమంటావు? పొట్టివా, ఎర్రవా?"

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

"ఒక్కటి కూడా పీకకండి," అన్నాను.